1957లో మా నాయనమ్మ ఎమ్మెల్యేకి ఎందుకు ఓటెయ్యలేదు?

సూర్యాపేట అల్లుడు:

అందరికీ నమస్కారం. ముందు మా ఇంట్లో జరిగిన గొడవ చెప్తాను, ప్రశ్న దాన్లోంచే వస్తుంది.

మాది తెనాలి దగ్గర పల్లె. మా ఆవిడ వాళ్లది సూర్యాపేట వైపు. పోయిన నెల మా పాప అన్నప్రాసనకి మా నాయనమ్మ, మా ఆవిడ వాళ్ల అమ్మమ్మ ఒకే మంచం మీద చేరారు. ఇద్దరికీ తొంభై దాటాయి. టీవీలో ఏదో ఎన్నికల వార్త వస్తుంటే మాట పాత ఓట్ల మీదికి మళ్లింది. "నేను మొదటిసారి ఓటుకు పోతే నా చేతిల నాలుగు కాయితాలు పెట్టిండ్రు" అన్నారు అమ్మమ్మ గారు. మా నాయనమ్మ నవ్వి, "నాలుగేంటి వదినా, ఎవరికైనా ఒకటే ఇస్తారు. నేనూ యాభై ఏడులోనే మొదటిసారి వేశా. ఒక్కటే ఇచ్చారు, రంగా గారికి వేశా" అంది. రంగా గారంటే ఎన్.జి. రంగా, ఆయన ఎంపీ కదా, మరి ఎమ్మెల్యేకి ఎవరికి వేశావని నేను అడిగితే, "ఎమ్మెల్యేకి వెయ్యలేదురా, అసలు ఆ ఓటింగే పెట్టలేదు" అంది. అంతే, ఈవిడకి మతిమరుపని ఆవిడ, ఆవిడకి మతిమరుపని ఈవిడ. పాయసం చల్లారిపోయింది.

ఇది నాకెందుకు ముఖ్యమంటే, మా ఊరి గ్రంథాలయంలో పాత ఎమ్మెల్యేల పట్టికలు గోడకి పెడుతున్నారు. ఒక్కో సభ ఒక్కొక్కరికి పంచారు. నా వంతుకి ఆంధ్రప్రదేశ్ మొదటి సభ, 1957–62 పడింది. సాఫ్ట్‌వేర్ వాడివి, నీకు ఒక్క పూట పని అన్నారు. మూడు వారాలైంది.

1957 ఫలితాలు వెతికితే మంథని దొరుకుతోంది, భువనగిరి దొరుకుతోంది. తెనాలి లేదు, గన్నవరం లేదు, కర్నూలు లేదు. కొన్ని చోట్ల ఒకే నియోజకవర్గం ఎదురుగా రెండు పేర్లున్నాయి. ఒకరు పోతే ఇంకొకరు వచ్చారేమో అనుకుని మొదటి పేర్లు తీసేశాను, తర్వాత భయం వేసి మళ్లీ పెట్టాను. మొత్తం సభ్యులు ఎంతమందని చూస్తే ఒకచోట 301, ఇంకోచోట 140కి 105 కలిపి 245. నా ఎక్సెల్‌లో నియోజకవర్గాలు 252 దగ్గర ఆగాయి. ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

వేగం బాబు:

ఇంత ఆలోచన ఎందుకు బ్రో, ఎక్కడో ఒక లిస్టు ఉంటుంది, కాపీ కొట్టి పెట్టెయ్. గోడ మీద ఎవరు చదువుతారు?

కర్నూలు లైబ్రరీ తాత:

బాబూ, గోడ మీద పెట్టింది ఎవరూ చదవరనే ధీమాతో పెట్టిన తప్పులే నలభై ఏళ్ల తర్వాత పుస్తకాల్లోకి ఎక్కుతాయి. ముప్పై రెండేళ్లు లైబ్రరీలో పని చేసి చెప్తున్నా.

అల్లుడు గారూ, మీ ఇంట్లో ఇద్దరికీ మతిమరుపు లేదు. ఇద్దరు చెప్పిందీ నిజమే. మీ ఎక్సెల్ కూడా తప్పు కాదు. మీ చిక్కంతా ఒక్కటే. ఒక సభ అంటే ఒక రోజు ఎన్నికై, ఒక రోజు ఇంటికెళ్లిన మనుషుల గుంపు అనుకుంటున్నారు. ఈ సభ అలాంటిది కాదు, అతుకుల బొంత.

నేను కర్నూలు వాణ్ణి కాబట్టి మా ఒడ్డు నుంచే చెప్తాను. తుంగభద్ర దాటితే అలంపూర్ తాలూకా. అప్పట్లో అది హైదరాబాద్ రాష్ట్రం, రాయచూరు జిల్లా. రాష్ట్రాల పునర్విభజనలో అలంపూర్, గద్వాల మహబూబ్‌నగర్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చాయి. మా మేనమామ అవతల ఒడ్డున ఉండేవాడు. 1957లో ఆయన ఎంపీకీ ఓటేశాడు, ఎమ్మెల్యేకీ ఓటేశాడు. ఇవతల ఒడ్డున మా నాయన ఎంపీకి మాత్రమే వేశాడు. "మీది సగం ఓటు బావా" అని మామ ఏడిపించేవాడు. "మేం ముందే వేసుకున్నాంలే, మీలాగా ఆలస్యంగా మేలుకోలేదు" అని మా నాయన జవాబు. రాష్ట్రం ఒకటే, ఎన్నికలు ఒకటే, నదికి ఇటు ఒక పద్ధతి, అటు ఒక పద్ధతి.

మా నాయన అన్న "ముందే వేసుకున్నాం" అన్నదాంట్లోనే మీ జవాబు ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని మా కర్నూలు. అప్పటికప్పుడు కొత్తగా ఎన్నికలు పెట్టలేదు. 1952లో మద్రాసు శాసనసభకి మన జిల్లాల నుంచి ఎన్నికైన 140 మందే ఆంధ్ర శాసనసభ అయ్యారు. మీకు దొరికిన 140 అక్కడిది. దాన్ని ఎవరో 1956కి అంటగట్టారు, తర్వాత వాళ్లంతా ఒకర్ని చూసి ఒకరు రాసుకున్నారు. ఆ సభ ఎంతో కాలం నిలవలేదు. 1954 నవంబరులో ప్రకాశం గారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో మళ్లీ ఎన్నికలు. ఈసారి స్థానాలు 196. కాంగ్రెస్‌కి 119, రంగా గారి కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5, ఈ ముగ్గురూ కలిసే పోటీ చేశారు. కమ్యూనిస్టులు 1952లో 140లో 41 గెలిచినవాళ్లు, ఈసారి నూటికి 31 ఓట్లు తెచ్చుకుని కూడా 15 సీట్ల దగ్గర ఆగిపోయారు. ఓట్లకీ సీట్లకీ పొంతన లేకపోవడం మీద ఎవరైనా ఉపన్యాసం ఇస్తే నేను ఈ లెక్కే చెప్తాను. బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు.

ఇక 1956 నవంబరు 1. ఆంధ్రప్రదేశ్ వచ్చింది. అటు హైదరాబాద్ శాసనసభ 175 మందిది, 1952లో ఎన్నికైంది. అది మూడు ముక్కలైంది. మరాఠ్వాడా వాళ్లు బొంబాయికి, కన్నడ జిల్లాల వాళ్లు మైసూరుకి, తెలంగాణ వాళ్లు మన సభకి వచ్చారు. 1957 సాధారణ ఎన్నికల నాటికి తెలంగాణ సభ్యుల ఐదేళ్లు నిండాయి. ఆంధ్ర సభ్యులకి నిండా రెండేళ్లు. అందుకని తెలంగాణలో ఉన్న 105 స్థానాలకి మాత్రమే ఎన్నిక పెట్టారు. 196కి 105 కలిపితే మీ 301. ఆంధ్ర వైపు వాళ్లు 1955లో గెలిచి 1962 దాకా, అంటే ఏడేళ్లు కూర్చున్నారు. తెలంగాణ వాళ్లు 1957 నుంచి 1962 దాకా ఐదేళ్లు. అందరూ ఒకే సభ, ఒకే స్పీకరు, అయ్యదేవర కాళేశ్వరరావు గారు.

కాబట్టి మీరు గన్నవరం కోసం 1957లో వెతికితే దొరకదు. సుందరయ్య గారు 1955లో గెలిచి ఉన్నారు. నీలం సంజీవరెడ్డి గారిని కూడా 1955లో శ్రీకాళహస్తి ఎదుట చూసుకోండి. మంథనిలో పి.వి. నరసింహారావు గారు, భువనగిరిలో రావి నారాయణరెడ్డి గారు 1957 వాళ్లు. వీళ్లందరూ పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న పాత టౌన్‌హాల్లో ఒకే కప్పు కింద కూర్చున్నారు. పట్టిక మీద "1957–62" అని రాస్తే 196 మంది విషయంలో అబద్ధం అవుతుంది.

కాళ్లు పట్టేశాయి, మిగతాది సాయంత్రం రాస్తా.

పార్వతీపురం మాస్టారు:

తాతగారు విశ్రాంతి తీసుకునేలోపు ఆ రెండు పేర్ల సంగతి నేను చెప్తాను, అది మా ఊరి కథ కూడా.

అల్లుడు గారూ, రెండు పేర్లున్న చోట ఎవరినీ తీసెయ్యకండి. అవి ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు. ఒకటి జనరల్, ఒకటి ఎస్సీ లేక ఎస్టీ రిజర్వుడు. ఊళ్లు అవే, ఓటర్లు వాళ్లే, ఎమ్మెల్యేలు మాత్రం ఇద్దరు. 1955లో 167 నియోజకవర్గాలకి 196 స్థానాలు, అంటే 29 చోట్ల ఇద్దరిద్దరు. 1957 తెలంగాణలో 85 నియోజకవర్గాలకి 105, అంటే 20 చోట్ల. 167కి 85 కలిపితే మీ 252. చూశారా, మీ ఎక్సెల్ పాస్ అయింది.

ఓటరుకి అక్కడ రెండు ఓట్లు. అప్పుడు కాయితం మీద ముద్ర వెయ్యడం లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. రెండు కాయితాలు తీసుకుని రెండు వేరే వేరే పెట్టెల్లో వెయ్యాలి. రెండూ ఒకే పెట్టెలో వేస్తే ఒకటే లెక్క. లోక్‌సభకీ ఇదే పద్ధతి. మీ అమ్మమ్మ గారి ఊరు ఎంపీకీ ఎమ్మెల్యేకీ రెండిటికీ ఇద్దరు సభ్యుల నియోజకవర్గంలో పడి ఉంటే ఆవిడ చేతిలో నాలుగు కాయితాలు పెట్టే ఉంటారు. నల్లగొండ లోక్‌సభ స్థానం ఇద్దరు సభ్యులదే. 1952లో రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారని చెప్పుకుంటారే, అది కూడా ఇక్కడే.

ఇందులో ఒక తిరకాసు ఉంది. జనరల్ స్థానం అంటే జనరల్ వాళ్లకే అని చాలామంది అనుకునేవాళ్లు. కాదు. ముందు రిజర్వుడు వాళ్లలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ఆ స్థానం ఇచ్చేసి, మిగిలిన అందరిలో ఎక్కువ వచ్చినవారికి రెండో స్థానం ఇచ్చేవాళ్లు. 1957లో మా పార్వతీపురం లోక్‌సభకి వి.వి. గిరి గారు నిలబడ్డారు, తర్వాత రాష్ట్రపతి అయిన గిరి గారే. లెక్కపెడితే మొదటి ఇద్దరూ గిరిజన అభ్యర్థులు, బిడ్డిక సత్యనారాయణ గారు, డిప్పల సూరిదొర గారు. గిరి గారు మూడో స్థానం. జనరల్ సీటు సూరిదొర గారికి ఎలా ఇస్తారని కేసు వేస్తే సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1959లో ఓడిపోయారు. మా తాతకి ఇప్పటి పిల్లలకి క్రికెట్ స్కోర్లు నోటికొచ్చినట్టు ఈ కథ నోటికొచ్చేది, చెప్పిన ప్రతిసారీ సూరిదొర గారి పేరు దగ్గర గొంతు పెంచేవాడు.

1961లో ఇద్దరు సభ్యుల పద్ధతి తీసేశారు. 1962లో మొత్తం 300 స్థానాలు, ఒక్కో దానికి ఒక్కరే. మీ పట్టిక పక్కన 1962 పట్టిక పెట్టేవాళ్లకి చెప్పండి, ఊళ్ల పేర్లు చాలా కలవవని.

సూర్యాపేట అల్లుడు:

ఇద్దరికీ చేతులెత్తి దండం. మూడు వారాల చిక్కు ఒక్క పూటలో విడిపోయింది. ఆంధ్ర వైపు 1955 ఫలితాలు పెట్టి చూశాను, నాయనమ్మ గెలిచింది. కాదు, ఇద్దరూ గెలిచారు.

ఇంకొక్క ప్రశ్న. మొత్తం 301 పేర్లు వరసగా పెట్టేస్తే సరిపోతుందా? మధ్యలో రాజీనామాలు, ఉప ఎన్నికలు ఉంటాయి కదా. ఎవరిని పెట్టాలి, గెలిచినవారినా, చివర ఉన్నవారినా?

కర్నూలు లైబ్రరీ తాత:

వచ్చా. మాస్టారు నా పని సగం చేసేశారు, సంతోషం.

ఈ ప్రశ్న మొదట అడిగి ఉండాల్సింది. ఇద్దరినీ పెట్టాలి, తేదీలతో. ఒక గడి ఎక్కువ పెట్టండి, "ఎప్పటి నుంచి", "ఎప్పటి దాకా" అని. సభ్యుల పట్టికలో పేరు కంటే ఆ గడే ముఖ్యం. మనుషులు కదులుతూ ఉంటారు. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు గారు విలీనం అయిన నెలలోనే కేరళ గవర్నరుగా వెళ్లిపోయారు. గోపాలరెడ్డి గారు ఆంధ్ర ముఖ్యమంత్రిగా ఉండి, ఆంధ్రప్రదేశ్ రాగానే సంజీవరెడ్డి గారి కింద మంత్రి అయ్యారు, తర్వాత 1958లో రాజ్యసభకి వెళ్లారు. సంజీవరెడ్డి గారు కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాక 1960 జనవరిలో దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి. మా కర్నూలు జిల్లా మనిషి, దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. ఈ ఒక్క సభ ఇద్దరు ముఖ్యమంత్రుల్ని చూసింది. ఆంధ్ర వైపు సభ్యులైతే గోపాలరెడ్డి గారితో కలిపి ముగ్గుర్ని చూశారు.

పార్టీ గడి ఇంకా తిప్పలు. ఏ పార్టీ అని రాసేటప్పుడు "గెలిచినప్పుడు" అని పక్కన రాయండి. ఫిరాయింపుల చట్టం వచ్చింది 1985లో. అప్పట్లో అడ్డేముంది? కృషికార్ లోక్ పార్టీ వాళ్లు కాంగ్రెస్‌లో కలిశారు, 1959లో స్వతంత్ర పార్టీ పుట్టాక కొందరు మళ్లీ రంగా గారి వెంట నడిచారు. తెలంగాణలో కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. దాన్ని వేరే పార్టీ అనుకుని వేరే రంగు వేస్తే బొమ్మ తప్పుతుంది.

ఇంకో జాగ్రత్త. 1958లో శాసనమండలి వచ్చింది, 90 మంది. వాళ్ల పేర్లు కూడా "శాసనసభ్యులు" అని కొన్ని పాత పుస్తకాల్లో కలిసిపోయి ఉంటాయి. ఏరుకోండి.

ఇప్పుడు మీరు అడగని విషయం. తేదీల గడి మీద నాకింత పట్టుదల ఎందుకంటే, నేను చూసిన మొదటి శాసనసభ్యుల పట్టిక మా ఇంట్లోనే ఉండేది. మా నాయనకి కర్నూల్లో చిన్న భోజన హోటలు. రాజధాని అంటే పేరుకే, ఊళ్లో ఆఫీసులకి చోటు లేక గుడారాలు వేసిన రోజులు. సభ జరిగే రోజుల్లో సభ్యులు, వాళ్లతో వచ్చినవాళ్లు మా హోటల్లో తినేవాళ్లు. నాకు తొమ్మిదేళ్లు, నీళ్లు పోసేవాణ్ణి. నాయన అప్పు ఖాతా పుస్తకంలో ఎవరి సొంత పేరూ రాయలేదు, ఊరి పేరే రాసేవాడు, పక్కన "వారు" అని. ఇద్దరు సభ్యుల ఊరైతే "పెద్దవారు", "చిన్నవారు". వయసు బట్టి కాదు, ఎవరు ముందు ఖాతా తెరిస్తే వాళ్లు పెద్దవారు. ఎదురుగా మొదటి భోజనం తేదీ, చివరి భోజనం తేదీ, బాకీ. ఎవరైనా రెండు నెలలు కనపడకపోతే "ఊళ్లో లేరు" అని రాసేవాడు. రాజీనామా చేశారో, జబ్బు పడ్డారో ఆయనకి అనవసరం, తినడానికి రాలేదు అంతే.

1956 అక్టోబరు ఆఖరు వారంలో పుస్తకం మొత్తం ఎదురుగా ఒకే మాట ఉంది, "హైదరాబాదు". కొందరు కట్టి వెళ్లారు. ఒకాయన వెళ్లాక మనియార్డరు పంపాడు, కూపన్ మీద "సాంబారు బాగుండేది" అని రాసి. కొందరి బాకీ అలాగే ఉండిపోయింది. ఏ ఊరి వారో చెప్పను, వాళ్ల మనవళ్లు ఇక్కడే ఉండొచ్చు. సంక్రాంతి నాటికి హోటలు మూసి నాయన బియ్యం కొట్టు పెట్టాడు.

నేను లైబ్రరీలో చేరాక ఆ పుస్తకాన్నీ, ప్రచురించిన పట్టికనీ పక్కపక్కన పెట్టి చూశాను. ప్రచురించిన దాంట్లో ఎవరు గెలిచారో ఉంది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు మానేశారు అన్నది మా నాయన పుస్తకంలోనే ఉంది. అందులో నాలుగు పేజీలు చెదలు తినేశాయి.

వేగం బాబు:

తాతా సారీ. మా ముత్తాత 1955 సభలో ఉండేవాడని ఇంట్లో చెప్తారు. ఏ ఊరి వారో మెసేజ్ పెడతాను, బాకీ ఉందేమో చూసి చెప్పగలరా?

కర్నూలు లైబ్రరీ తాత:

పెట్టు బాబూ. వడ్డీ అడగనులే.

సూర్యాపేట అల్లుడు:

గడులు మార్చాను. నియోజకవర్గం, సభ్యులు (ఇద్దరుంటే ఇద్దరూ), గెలిచిన ఏడాది 1955 లేక 1957, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, గెలిచినప్పుడు పార్టీ. శీర్షిక "1957–62" తీసేసి "1956 నవంబరు నుంచి 1962 ఎన్నికల దాకా" అని పెట్టాను. లైబ్రరీ వాళ్లు గోడ మీద చోటు చాలదంటున్నారు, తలుపు పక్కది కూడా అడిగాను.

రాత్రి ఫోన్లో ఇద్దరినీ కలిపి చెప్పాను. అమ్మమ్మ గారు, "చెప్పిన గద బిడ్డా, నాలుగని" అన్నారు. మా నాయనమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే వదినా, నాలుగు పెట్టెల్లో ఏది ఎవరిదో నీకెలా తెలిసింది?" అని అడిగింది. ఇప్పుడు దాని మీద నడుస్తోంది.